షుగర్ వల్ల కన్ను దెబ్బతింటే ఏం చేయాలి: ఇంజెక్షన్లు, లేజర్, పక్కన వాడే మందులు

“షుగర్ కంటికి వచ్చిందన్నారు. ఇంజెక్షన్లు తప్పవా? మూలికా మందులు, విటమిన్ మాత్రలు, యోగా లాంటివాటితో తగ్గించుకోలేమా?” అడిగే మనిషి మారుతున్నాడు కానీ ప్రశ్న మారడం లేదు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు అంతా ఒకచోట పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. మా నాన్నగారి రెండు కళ్లకూ ఏళ్ల తరబడి ఈ జబ్బుకు వైద్యం చేయించాను. ఆ ఫైలు మోస్తూ నేర్చుకున్నదీ, తర్వాత చదివి సరిచూసుకున్నదీ ఇందులో ఉంది.

అసలు మాట ముందే చెప్పేస్తాను. పక్కన వాడే వైద్యాలను నేను కొట్టిపారేయడం లేదు. కొన్ని ఒంటికి మేలు చేస్తాయి, కొన్ని మనసుకు ధైర్యం ఇస్తాయి. కానీ వాటిలో ఏదీ కంటి పరీక్ష తేదీని గానీ ఇంజెక్షన్ తేదీని గానీ ఒక్కరోజు కూడా వెనక్కి జరపకూడదు. మందు పనిచేస్తోందో లేదో చెప్పాల్సింది రెటీనా ఫొటో, స్కాన్. “బాగానే కనిపిస్తోంది” అన్న మన నమ్మకం చాలదు. ఈ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, చూపు కూడా తగ్గదు. మోసమంతా అక్కడే ఉంది.

జబ్బు ఏమిటో రెండు ముక్కల్లో: కంటి వెనుక పొర అయిన రెటీనాలోని సన్నటి రక్తనాళాలు షుగర్ వల్ల బలహీనపడి కారతాయి, కొన్నిచోట్ల మూసుకుపోతాయి. కారిన నీరు చూపుకు కేంద్రమైన మాక్యులాలో చేరితే వాపు వస్తుంది. మూసుకుపోయిన చోట రక్తం అందక కన్ను కొత్త నాళాలు పుట్టిస్తుంది. అవి పెళుసుగా ఉండి చిట్లుతాయి, రెటీనాను లాగేస్తాయి కూడా. ఇంతకుమించి సిద్ధాంతం మనకు అక్కర్లేదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక ఫైలు. రెటీనా ఫొటోలు, ఓసీటీ (రెటీనా మందం, వాపు చూపించే స్కాన్) కాగితాలు, ఇంజెక్షన్ తేదీలు, ఏ కంటికి ఏ మందు వేశారన్నది అన్నీ తేదీల వరుసలో ఉండాలి.
- గత మూడు నెలల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష), బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీల కోసం చేసే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, ఇంకా హిమోగ్లోబిన్ రిపోర్టులు.
- వాడుతున్న ప్రతి మందు పేరు. మాత్రలు, ఇన్సులిన్, చుక్కల మందులే కాదు, పొడులు, కషాయాలు, క్యాప్సూళ్లు కూడా రాయాలి. సీసాలు తీసుకెళ్తే ఇంకా మంచిది.
- దగ్గర చూపుకు వాడే కళ్లజోడు, చిన్న అక్షరాలున్న ఒక కాగితం. ఇంట్లో చెక్ చేసుకోవడానికి ఇవి చాలు.
- పరీక్ష రోజు తోడు వచ్చే మనిషి, చలువ కళ్లద్దాలు.

1. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని పరీక్ష చేయించుకోండి

కళ్లజోడు నంబరు చూపించుకోవడం ఈ పరీక్ష కిందికి రాదు. చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనాను చూడాలి, లేదా రెటీనా ఫొటో తీసి అది చదవడం తెలిసినవాళ్లకు చూపించాలి. చుక్కలు వేశాక కొన్ని గంటలపాటు దగ్గరివి మసకగా కనిపిస్తాయి, వెలుగు గుచ్చుతుంది. ఆ పూట బండి నడపొద్దు.

టైప్ 2 షుగర్ అని తెలిసిన రోజునే మొదటి కంటి పరీక్ష జరగాలి, ఎందుకంటే అప్పటికే ఎన్నేళ్లుగా షుగర్ ఉందో ఎవరికీ తెలియదు. టైప్ 1 అయితే బయటపడిన ఐదేళ్లలోపు మొదలుపెట్టాలి. షుగర్ ఉన్న స్త్రీ గర్భం దాల్చాలనుకుంటే అంతకుముందే ఒకసారి, గర్భం వచ్చాక మొదటి మూడు నెలల్లో మరోసారి చూపించుకోవాలి. ఆ సమయంలో ఈ జబ్బు వేగంగా ముదరగలదు.

మాక్యులా వాపు అనుమానం ఉంటే ఓసీటీ స్కాన్ తీస్తారు. నొప్పి ఉండదు, కొన్ని నిమిషాల పని. నాళాల పరిస్థితి తెలియాలంటే చేతి నరంలోకి రంగు మందు ఎక్కించి ఫొటోలు తీయవచ్చు. అది చేశాక చర్మం కాసేపు పసుపుపచ్చగా, మూత్రం ఒకటి రెండు రోజులు నారింజ రంగులో ఉంటాయి. కామెర్లేమోనని భయపడి అర్ధరాత్రి ఫోన్ చేసినవాళ్లున్నారు. భయం లేదు, రంగు అదే పోతుంది. మందుల అలర్జీ ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

2. రిపోర్టులో ఈ మాటలు వెతికి ఫైలు మొదటి పేజీలో రాసుకోండి

ఏ కన్ను? ఏ దశ? మాక్యులాలో వాపు ఉందా? ఉంటే నడిమధ్యన ఉందా, పక్కన ఉందా? కొత్త నాళాలు పుట్టాయా? ఈ ప్రశ్నలకు జవాబు తెలియకుండా డాక్టర్ గదిలోంచి బయటికి రావద్దు. అడిగితే చెప్తారు.

దశలను తేలిక, మధ్యస్థం, తీవ్రం, ఆపైన కొత్త నాళాలు పుట్టిన ప్రొలిఫరేటివ్ దశ అని విడదీస్తారు. మాక్యులా వాపు వీటిలో ఏ దశలోనైనా రావచ్చు. అందుకే “తేలిక దశేనన్నారు” అని నిశ్చింతగా ఉండిపోకూడదు.

మళ్లీ ఎప్పుడు రావాలన్నది దీన్నిబట్టే ఉంటుంది. జబ్బు లేకపోతే ఏడాదికి ఒకసారి. తేలిక, మధ్యస్థ దశల్లో ఆరు నుంచి పన్నెండు నెలలు. తీవ్ర దశలో సుమారు మూడు నెలలు. నడిమధ్యన వాపు ఉంటే దాదాపు నెలనెలా. మీ డాక్టర్ ఇంతకంటే ముందే రమ్మంటే ఆయన మాటే వినండి.

3. షుగర్, బీపీ, కొవ్వు: కంటి మందు వీటితోనే మొదలవుతుంది

చాలామంది కంటి డాక్టర్‌నీ షుగర్ డాక్టర్‌నీ వేర్వేరు లోకాలుగా చూస్తారు. ఒకరి రిపోర్టు మరొకరికి చూపించరు. కంటి జబ్బును నెమ్మదింపజేసే వాటిలో బాగా రుజువైనది షుగర్ అదుపే. 1993లో ఫలితాలు వెలువడిన డీసీసీటీ అధ్యయనంలో, టైప్ 1 షుగర్ ఉండి అప్పటికి కంటి జబ్బు లేనివాళ్లలో, షుగర్‌ను గట్టిగా అదుపు చేయడం వల్ల ఆ జబ్బు వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. 1998లో వచ్చిన యూకేపీడీఎస్ ఫలితాల్లో టైప్ 2 వాళ్లకు బీపీని గట్టిగా అదుపు చేస్తే రెటీనా జబ్బు ముదరడం సుమారు మూడోవంతు తగ్గింది. ఏ క్యాప్సూల్ సీసా మీదా ఇంత గట్టి రుజువు నేను చూడలేదు.

చాలామందికి హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు, బీపీ 130/80 లోపు లక్ష్యంగా పెడతారు. వయసు, గుండె, కిడ్నీలు, షుగర్ పడిపోయే అలవాటు చూసి మీ లక్ష్యం మారవచ్చు. రక్తహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ అంకె తప్పుదారి పట్టించవచ్చు. వాళ్లు గ్లూకోమీటర్ లెక్కలు కూడా చూసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి షుగర్ బాగా ఎక్కువగా ఉండి, దాన్ని కొద్ది నెలల్లోనే వేగంగా కిందికి దించితే, మొదటి ఏడాదిలో కన్ను కొంత దిగజారే అవకాశం ఉంది. దీర్ఘకాలంలో మేలే జరుగుతుంది కాబట్టి షుగర్ తగ్గించడం మానకూడదు. దించే ముందు రెటీనా చూపించుకోవాలి, దించుతున్నంతకాలం తరచుగా చెక్ చేయించుకోవాలి. షుగర్‌నీ బరువునీ తగ్గించే సెమాగ్లూటైడ్ లాంటి మందులు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. 2016లో వచ్చిన ఆ మందు అధ్యయనంలో కంటి సమస్యలు 3 శాతం మందిలో కనిపించాయి, మందు లేని గుంపులో 1.8 శాతం. ముందు నుంచీ కంటి జబ్బు ఉన్నవాళ్లే ఇందులో జాగ్రత్తగా ఉండాలి. పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర వాడుతూ కాళ్లు వాస్తున్నవాళ్లు ఆ సంగతి కంటి డాక్టర్‌కు చెప్పాలి. ఒంట్లో నీరు చేరితే మాక్యులాలోనూ చేరవచ్చు.

ఫెనోఫైబ్రేట్ అనే మాత్ర గురించి మీ డాక్టర్‌ను తప్పక అడగండి. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వును తగ్గించే పాత మందు ఇది. 2024లో వెలువడిన లెన్స్ అధ్యయనంలో తొలిదశ కంటి జబ్బు ఉన్నవాళ్లలో జబ్బు ముదరడాన్ని 27 శాతం తగ్గించింది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు, పిత్తాశయం జబ్బు ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు కాబట్టి సొంతంగా కొని వేసుకోవద్దు. “కంటికి మాత్ర ఏమైనా ఉందా” అని అడిగేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ పేరే.

పొగ తాగుతుంటే మానండి. నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగుతున్నట్టు ఇంట్లోవాళ్లు చెప్తే నిద్ర పరీక్ష చేయించుకోండి. ఆ సమస్య ఉన్నవాళ్లలో కంటి జబ్బు తీవ్రంగా కనిపిస్తోంది.

4. మీ దశకు ఏ వైద్యమో తెలుసుకోండి

*చూస్తూ ఉండటం.* నడిమధ్యన వాపు ఉన్నా చూపు బాగా ఉంటే, అంటే 6/7.5 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే (6/6 మామూలు చూపు, కింది అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు), వెంటనే ఇంజెక్షన్ వేయకుండా గమనించవచ్చు. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటివాళ్లకు వెంటనే ఇంజెక్షన్ మొదలుపెట్టినా, లేజర్ చేసినా, చూపు తగ్గితే అప్పుడు ఇంజెక్షన్ వేస్తామని గమనించినా రెండేళ్ల తర్వాత చూపులో తేడా రాలేదు. చూస్తూ ఉండటమంటే చెప్పిన తేదీకల్లా వెళ్లడం. ఇంట్లో కూర్చోవడం కాదు.

*ఇంజెక్షన్లు.* మాక్యులా వాపు వల్ల చూపు తగ్గితే ఇవే మొదటి మార్గం. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్, ఫారిసిమాబ్ అనేవి వాడుకలో ఉన్న పేర్లు. నాళాలు కారేలా చేసే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను ఇవి అడ్డుకుంటాయి. చూపు కొద్దిగా తగ్గినవాళ్లకు మొదటి మూడింటిలో ఏది వేసినా ఫలితం ఇంచుమించు ఒకటే. 6/15 లేదా అంతకంటే తక్కువకు పడిపోయినవాళ్లకు మొదటి ఏడాదిలో అఫ్లిబెర్సెప్ట్ మెరుగని 2015లో తేలింది. బెవాసిజుమాబ్‌తో మొదలుపెట్టి, సరిపోకపోతే అఫ్లిబెర్సెప్ట్‌కు మారినా రెండేళ్లకు చూపు దాదాపు సమానంగా ఉందని 2022లో మరో అధ్యయనం చూపింది. ఈ మాట డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు చాలామందికి పనికొస్తుంది.

మొదట నెలకొకటి చొప్పున వరసగా వేస్తారు, తర్వాత ఎడం పెంచుతారు. మొదటి ఏడాదిలో ఎనిమిది పది పడటం మామూలే. ఒకటి వేస్తే అయిపోతుందనుకుని వెళ్లొద్దు. ఈమధ్య గుండెపోటు, పక్షవాతం వచ్చినా, గర్భవతి అయినా ముందుగా చెప్పాలి.

*స్టెరాయిడ్.* ఇంజెక్షన్లకు లొంగని వాపుకు కంట్లో పెట్టే సన్నటి స్టెరాయిడ్ ఇంప్లాంట్ ఒక ప్రత్యామ్నాయం. కొన్ని నెలలు పనిచేస్తుంది. శుక్లం త్వరగా ముదురుతుంది, కంటి ఒత్తిడి పెరగవచ్చు. గ్లాకోమా (కంటి ఒత్తిడి వల్ల చూపు నరం దెబ్బతినే జబ్బు) ఉంటే ముందే చెప్పండి.

*లేజర్.* కొత్త నాళాలు పుట్టినప్పుడు రెటీనా అంచుల్లో వందలకొద్దీ మచ్చలు పెడతారు. చూపు పూర్తిగా పోయే ముప్పును ఇది సగానికి పైగా తగ్గిస్తుంది. బదులుగా పక్క చూపు, చీకటి చూపు కొంత తగ్గుతాయి. చాలామంది “లేజర్ చేయించుకున్నా చూపు పెరగలేదు” అని బాధపడతారు. చూపు పెంచడం దాని పని కాదు, ఉన్నది పోకుండా కాపాడటమే దాని పని.

ఈ దశలో లేజర్ బదులు ఇంజెక్షన్లు కూడా వేయవచ్చు, ఫలితం తీసిపోదు. కానీ మధ్యలో మానేస్తే చాలా ప్రమాదం. ప్రయాణాల వల్లో, మరో జబ్బు వల్లో నెలనెలా రాలేనని మీకే అనిపిస్తే ఆ మాట దాచకుండా చెప్పండి. అలాంటివాళ్లకు లేజరే భద్రం.

*ఆపరేషన్.* కంట్లో రక్తం నిండి తొలగకపోయినా, రెటీనా లాగబడి ఊడుతున్నా విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీని తీసేసే ఆపరేషన్) చేస్తారు. కంట్లో గ్యాస్ బుడగ పెడితే అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు, ఎత్తైన కొండ ప్రాంతాలకు వెళ్లకూడదు. ఇంకే ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చే డాక్టర్‌కు ఈ సంగతి చెప్పి తీరాలి.

శుక్లం ఆపరేషన్ కూడా అవసరమైతే, వీలైనంతవరకు మాక్యులా వాపును ముందు అదుపులోకి తెచ్చుకోండి. లేకపోతే ఆ వాపు ఆపరేషన్ తర్వాత పెరగవచ్చు.

5. ఇంజెక్షన్ రోజు

కంట్లో సూది అంటే ఎవరికైనా టెన్షనే. మా నాన్నగారు మొదటిసారి నా చెయ్యి వదల్లేదు. ముందు మత్తు చుక్కలు వేస్తారు, తర్వాత కంటిని పొవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేస్తారు. సూది దిగి బయటికి రావడం క్షణాల్లో అయిపోతుంది. నొప్పికంటే ఒత్తిడి తెలుస్తుంది. ఆ సాయంత్రం కన్ను మండేది ఎక్కువగా అయోడిన్ వల్లే.

కన్ను ఎర్రగా ఉండి పుసులు కడుతున్నా, రెప్ప మీద కురుపు ఉన్నా, జ్వరం ఉన్నా ఇంజెక్షన్‌కు ముందే చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు, గుండెకు వాడే ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపొద్దు. ఆస్పిరిన్ వల్ల ఈ జబ్బులో కంట్లో రక్తస్రావం పెరగదని పెద్ద అధ్యయనంలో తేలింది.

తర్వాత ఒకటి రెండు రోజులు నల్లటి బుడగలు తేలుతున్నట్టు కనిపించడం, తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక మామూలే. కన్ను నలపొద్దు, మురికి నీళ్లు పడనివ్వొద్దు, కొన్ని రోజులు ఈత వద్దు. నొప్పి తగ్గేది పోయి రోజురోజుకూ పెరుగుతున్నా, చూపు మసకబారుతున్నా, వెలుగు చూడలేకపోతున్నా అది కంటి లోపలి ఇన్‌ఫెక్షన్ కావచ్చు. చాలా అరుదు, కానీ ఒక్క రాత్రి ఆగినా కన్ను పోవచ్చు. అదే రోజు వెళ్లండి.

6. పక్కన ఏమైనా వాడాలనుకుంటే

ఇక్కడే ప్రశ్నలు ఎక్కువ కాబట్టి కాస్త విడమర్చి చెప్తాను. మొదలుపెట్టే ముందు నాలుగు పనులు చేయండి.

మొదటిది, పేరు, డోసు, ఎందుకు వాడుతున్నారో ఫైల్లో రాసి ఇద్దరు డాక్టర్లకూ చూపించండి. తిడతారేమోనని దాచేవాళ్లను చాలామందిని చూశాను. తిట్టినా నష్టం లేదు, దాస్తే నష్టం ఉంది. రెండోది, ఒకేసారి మూడు నాలుగు కాకుండా ఒక్కటే మొదలుపెట్టండి. మూడోది, మొదటి నాలుగు వారాలు షుగర్ మామూలుకంటే ఎక్కువసార్లు చూసుకోండి. నాలుగోది, ఆపే తేదీ ముందే రాసుకోండి. మూడు నెలల తర్వాత స్కాన్‌లో, రక్త పరీక్షలో ఏ మార్పూ లేకపోతే ఆపేయాలి.

ఇక ఒక్కొక్కటి.

ఒమేగా-3: తిండిలో రోజుకు కనీసం 500 మిల్లీగ్రాముల దీర్ఘ శృంఖల ఒమేగా-3 (చేపల్లో ఉండే రకం కొవ్వు) ఉన్న షుగర్ రోగుల్లో చూపు పోగొట్టే స్థాయి కంటి జబ్బు తక్కువగా ఉందని 2016లో ఒక విశ్లేషణ చెప్పింది. ఇది తిండి గురించి చెప్పిన మాట. వచ్చిన వాపును క్యాప్సూల్ తగ్గిస్తుందని దీనర్థం కాదు.

లూటీన్, జియాజాంతిన్ ఉన్న “కంటి విటమిన్లు”: వీటి పేరు నిలబెట్టిన పెద్ద అధ్యయనాలు వయసుతో వచ్చే మాక్యులా జబ్బు మీద జరిగాయి. అది వేరే జబ్బు. రెండింటిలోనూ మాక్యులా అన్న మాట ఉండటంతో జనం కలిపేస్తున్నారు. పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు బీటా కెరోటిన్ ఉన్న సీసాకు దూరంగా ఉండాలి, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

విటమిన్ డి, బి12: రక్త పరీక్షలో లోటు ఉంటే వాడాల్సిందే. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లలో బి12 తగ్గడం సాధారణం. లోటు తీర్చడం ఒక పని, రెటీనాకు వైద్యం మరో పని.

విటమిన్ సి ఎక్కువ డోసుల్లో: కొన్ని షుగర్ మీటర్లు, సెన్సర్లు తప్పు అంకె చూపిస్తాయి. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ పెంచితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

కాల్షియం డోబెసిలేట్: నాళాలు గట్టిపడతాయని రాస్తుంటారు. 2009లో వెలువడిన పెద్ద పరీక్షలో మాక్యులా వాపు రాకుండా ఇది ఆపలేకపోయింది.

బెర్బెరిన్, షుగర్ తగ్గించే మూలికలు: కొన్ని నిజంగానే షుగర్ తగ్గిస్తాయి, సమస్య కూడా అదే. ఇన్సులిన్‌కో మాత్రలకో ఇవి తోడైతే షుగర్ మరీ పడిపోవచ్చు. గింకో లాంటి మూలికలు రక్తం పలచబడే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు ఉంటుంది.

పేరు, దినుసులు, తయారీదారు చిరునామా లేని పొడులు, భస్మాలు మాత్రం అసలు వద్దు. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే వాటిలో ఐదోవంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2008లో వెలువడింది. షుగర్ వల్ల కన్ను దెబ్బతిన్నవాళ్లకు చాలాసార్లు కిడ్నీ కూడా దెబ్బతిని ఉంటుంది. ఆ కిడ్నీకి ఈ లోహాలు విషం. “సహజమైనది” అంటూ అమ్మే షుగర్ క్యాప్సూళ్లలో చెప్పకుండా కలిపిన అల్లోపతి షుగర్ మందులు కూడా దొరికాయి.

కంట్లో తేనె, నూనె, నెయ్యి, ఆకురసం వేయడం: వద్దు. చుక్కగా వేసిన ఏ ఇంటి మందూ రెటీనా దాకా వెళ్లి ఈ జబ్బును నయం చేయదు. ఇంజెక్షన్ లేదా ఆపరేషన్ అయిన కంట్లో ఇవి వేస్తే ఇన్‌ఫెక్షన్‌ను పిలిచినట్టే. కంటి వ్యాయామాలు, అరచేతులతో కళ్లు మూసుకోవడం హాయినిస్తాయి, అంతవరకే.

ఆక్యుపంక్చర్ ఈ జబ్బును ఆపుతుందనడానికి నిలకడైన రుజువు లేదు. నొప్పికో నిద్రకో చేయించుకుంటుంటే కంటి చుట్టూ సూదులు వేయవద్దని చెప్పండి.

7. వ్యాయామం, యోగా: చేయండి, దశ చూసుకుని

నడక అందరికీ మంచిది. ధ్యానం, నెమ్మదైన శ్వాస, తేలిక ఆసనాలు బీపీకీ నిద్రకూ మేలు చేస్తాయి. పక్కన చేసేవాటిలో నేను మనస్ఫూర్తిగా చేయమనేది ఇదే.

అయితే తీవ్ర దశ గానీ ప్రొలిఫరేటివ్ దశ గానీ ఉంటే బరువులు ఎత్తడం, ఊపిరి బిగబట్టి చేసే కసరత్తు, గెంతడం ఆపాలి. పెళుసు నాళాలు చిట్లి కంట్లో రక్తం నిండవచ్చు. శీర్షాసనం వేసినప్పుడు కంటి లోపలి ఒత్తిడి సుమారు రెట్టింపవుతుంది. తల కిందికి వచ్చే ఆసనాలు, కపాలభాతి, భస్త్రిక లాంటివి మీ కంటి డాక్టర్ సరే అనేదాకా పక్కన పెట్టండి. యోగా నేర్పేవారికి మీ కంటి దశ ఏమిటో చెప్పండి, “షుగర్ ఉంది” అన్నంతమాత్రాన వారికి తెలియదు.

8. ఇంట్లో వారానికొకసారి ఇలా చెక్ చేసుకోండి

ఒకే గది, ఒకే వెలుతురు, ఒకే దూరం, సుమారు 40 సెంటీమీటర్లు. దగ్గర చూపు కళ్లజోడు పెట్టుకోండి. ఒక కన్ను అరచేత్తో, నొక్కకుండా, మూసి మీ కాగితంలోని చిన్న అక్షరాలు చదవండి. ఏ వరుస దాకా చదివారో రాయండి. తర్వాత తలుపు చట్రం అంచు చూడండి. నిటారు గీత వంగినట్టు, మధ్యలో తెగినట్టు కనిపిస్తోందా? రెండో కంటితో మళ్లీ.

రెండు కళ్లూ తెరిచి చూసుకోవడమే అందరూ చేసే తప్పు. మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని నెలల తరబడి కప్పేస్తుంది. ఇంకో తప్పు, షుగర్ పైకీ కిందికీ ఊగుతున్నప్పుడు కళ్లజోడు మార్చుకోవడం. షుగర్ మారితే నంబరు కూడా మారుతుంది. కొన్ని వారాలు నిలకడగా ఉన్నాక చూపించుకోండి.

ఇంటి చెక్ బాగుందని ఆసుపత్రి తేదీ మానొద్దు. ఈ చెక్‌లో తేడా వస్తే త్వరగా వెళ్లండి, తేడా రాకపోతే తేదీకే వెళ్లండి.

9. ఫలితం ఎలా చూడాలి

మూడు ఇంజెక్షన్ల తర్వాత ఫైలు తెరిచి మొదటి ఓసీటీనీ ఇప్పటిదాన్నీ పక్కపక్కన పెట్టండి. మధ్యభాగం మందం మైక్రాన్లలో ఉంటుంది. 480 ఉన్నది 350కి వచ్చిందంటే మందు పనిచేస్తోందన్నమాట. ఒకే మెషిన్ మీద తీసినవైతేనే పోల్చాలి, మెషిన్ మారితే అంకె మారుతుంది. దాంతోపాటు చార్టులో ఎన్ని వరుసలు చదివారో చూడండి.

మందం తగ్గి చూపు పెరగకపోతే, మాక్యులాకు రక్తం అందడం లేదేమో, లోపలి కణాలు దెబ్బతిన్నాయేమో అడగండి. మందమే తగ్గకపోతే వెంటనే ఆశ వదులుకోవద్దు, కొందరికి ఆరు ఇంజెక్షన్లదాకా పడుతుంది. ఆ తర్వాత మందు మార్చడం, స్టెరాయిడ్ గురించి మాట్లాడండి. అదే సమయంలో బీపీ, కిడ్నీ రిపోర్టులు మళ్లీ చూడాలి. ఒంట్లో నీరు నిలిచి ఉంటే ఎన్ని సూదులు వేసినా వాపు మళ్లీ మళ్లీ వస్తుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు మూడో నెలలో జరుగుతుంది. వాపు తగ్గుతుంది, చూపు తేటపడుతుంది, సరిగ్గా అప్పుడే పక్కన వాడుతున్న పొడి వల్లే తగ్గిందనిపిస్తుంది. మా ఇంట్లో అదే జరిగింది. నాలుగో ఇంజెక్షన్ మానేశాం. కొన్ని నెలలకు వాపు తిరిగి వచ్చింది, కుడికన్ను రెండు వరుసలు శాశ్వతంగా పోగొట్టుకుంది. ఆ పొడి ఇచ్చినవారిని నేను తప్పుపట్టను, ఫైలు తెరిచి చూడనిది మేమే.

వెంటనే వెళ్లాల్సిన గుర్తులు

ఉన్నట్టుండి నల్లటి చుక్కలు, సాలెగూళ్లు, పొగ కమ్మినట్టు కనిపిస్తే. మెరుపులు మెరిస్తే. పక్క నుంచి తెర దిగుతున్నట్టుంటే. ఒక కంటి చూపు హఠాత్తుగా తగ్గితే. ఎర్రబడి తీవ్రంగా నొప్పి పెట్టి, తలనొప్పి, వాంతులు ఉంటే. ఇవి అదే రోజు చూపించుకోవాల్సినవి. కంట్లో రక్తం పడిందనిపిస్తే డాక్టర్ దగ్గరికి చేరేదాకా తల ఎత్తుగా పెట్టుకుని ఉండండి, వంగి బరువులు ఎత్తవద్దు. వెళ్లేటప్పుడు ఫైలు, మందుల సీసాలు తీసుకెళ్లండి, చివరి ఇంజెక్షన్ ఏ కంటికి ఏ తేదీన పడిందో చెప్పండి.